మూడు అవసరాలు, ఒకే నిధి



జీవితమంతా గ్రంథాలయ సేవలో గడిపిన మాస్టారి పేరున జరిగే ఉపన్యాసం ఇది. ఊరి ఉమ్మడి అవసరాలకు డబ్బు ఎక్కడి నుంచి రావాలి, దాని మీద అజమాయిషీ ఎవరికి ఉండాలి అన్న ప్రశ్న ఆయన్ను చివరిదాకా వదల్లేదు. అదే ప్రశ్నకు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం వెతుక్కున్న జవాబును ఈ రోజు మీ ముందు పెడతాను. 

అక్కడి ఊళ్లకు ప్రధాన ఆదాయం ఆస్తిపన్ను. 1980లో ఓటర్లు ఆ పన్నుకు ఒక హద్దు గీశారు. కొత్త కట్టడాల మీద వచ్చేది మినహాయిస్తే, ఊరి మొత్తం ఆస్తిపన్ను ఏడాదికి రెండున్నర శాతానికి మించి పెరగకూడదు. పెంచాలంటే మళ్లీ ప్రజల ఓటు కావాలి. బడులకు, పోలీసులకు, రోడ్లకు ఇచ్చాక మిగిలేది కొంచెమే. పాత టౌన్‌హాలు కప్పు కారినా, ఊరి చివరి పొలం అమ్మకానికి వచ్చినా, అద్దెలు భరించలేక బడిపంతులు ఊరు విడిచినా, ఖర్చు పెట్టడానికి డబ్బు ఉండేది కాదు.

ఈ మూడు అవసరాలూ ఒకదానికొకటి అడ్డు పడేవి. పొలాన్ని పొలంగానే ఉంచితే ఇళ్ల స్థలాలు తగ్గి ధరలు పెరుగుతాయి. ఇళ్లు కడితే పొలం పోతుంది. స్థలం కోసం పాత భవనాన్ని కూల్చితే ఊరి చరిత్ర పోతుంది. ఎవరి పక్షం వారు విడివిడిగా పోరాడితే ఒకరి గెలుపు మరొకరి ఓటమి అవుతుంది. ఈ వర్గాలను ఒకే నిధి చుట్టూ కూర్చోబెట్టింది కమ్యూనిటీ ప్రిజర్వేషన్ యాక్ట్. గవర్నర్ పాల్ సెలూచీ 2000 సెప్టెంబరులో దాని మీద సంతకం చేశారు.

చట్టం ఏ ఊరినీ బలవంతపెట్టదు. ఊరి ఓటర్లు ఒప్పుకుంటేనే అమలవుతుంది. ఒప్పుకున్న ఊరు ఆస్తిపన్ను మీద గరిష్ఠంగా 3 శాతం సర్‌చార్జి వేసుకోవచ్చు. ఏడాదికి 5,000 డాలర్ల పన్ను కట్టే ఇంటికి 1 శాతం అంటే 50 డాలర్లు. తక్కువ ఆదాయం ఉన్నవారిని, ఇంటి విలువలో మొదటి లక్ష డాలర్లను మినహాయించే వెసులుబాటు ఊరికే ఉంది. దీనికి రాష్ట్రం తన వాటా కలుపుతుంది. ఆ వాటా దస్తావేజుల రిజిస్ట్రేషన్ రుసుముల మీద వేసిన సర్‌చార్జి నుంచి వస్తుంది.

ఏటా వచ్చే ఆదాయంలో కనీసం 10 శాతం బహిరంగ స్థలాలకు, 10 శాతం చారిత్రక కట్టడాలకు, 10 శాతం సామాన్యులకు అందే ఇళ్లకు ఖర్చు చేయాలి, లేదా పక్కన పెట్టాలి. మిగతాది ఈ మూడింటికీ ఆటస్థలాలకూ ఊరు ఇష్టం వచ్చినట్టు పంచుకోవచ్చు. కేంబ్రిడ్జి నగరం ఏళ్ల తరబడి 80 శాతం ఇళ్లకే కేటాయించింది. పాత మైదానాలను, పార్కులను బాగుచేయడానికి 2012 సవరణ దారి తెరిచింది. రోజువారీ నిర్వహణకు మాత్రం ఈ డబ్బు ముట్టుకోకూడదు. ఉన్న బడ్జెట్ కోసేసి దీనితో పూడ్చడమూ కుదరదు.

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది కమిటీ ఏర్పాటు. 5 నుంచి 9 మంది సభ్యులు. పర్యావరణ, చారిత్రక, ప్రణాళికా, పార్కుల, గృహవసతి సంస్థల ప్రతినిధులు అందులో తప్పనిసరి. ఏటా బహిరంగ విచారణ జరపాలి. కమిటీ సిఫారసు చేయకపోతే ఈ నిధి నుంచి డాలరు కూడా బయటికి రాదు. సిఫారసును తగ్గించే, తిరస్కరించే అధికారం టౌన్ మీటింగుకో నగర మండలికో ఉంది. పెంచే అధికారం లేదు. చాలా చిన్న ఊళ్లలో టౌన్ మీటింగు అంటే ఓటర్లే వచ్చి కూర్చుని, చర్చించి, చేతులెత్తే సభ. పొలం కావాలన్నవాడు, ఇల్లు కావాలన్నవాడి వాదన పూర్తిగా వినాల్సి వస్తుంది.

ఈ చట్టంలోని లోపాలు కూడా చెప్పుకోవాలి. రిజిస్ట్రేషన్ సర్‌చార్జి రాష్ట్రమంతా కడుతుంది, వాటా చేరిన ఊళ్లకే దక్కుతుంది. ముందుగా చేరినవాటిలో కలిగిన ఊళ్లు ఎక్కువ. తొలి ఏళ్లలో ఊరి డాలరుకు రాష్ట్రం డాలరు కలిపింది. చేరే ఊళ్లు పెరిగేకొద్దీ 2008 నుంచి ఆ వాటా కరిగిపోయింది. చివరికి 2019 ఆఖరున దస్తావేజు సర్‌చార్జిని 20 డాలర్ల నుంచి 50కి పెంచారు. అయినా జనం విశ్వాసం తగ్గలేదు. 2001లో కాదన్న బోస్టన్ 2016లో 1 శాతానికి ఒప్పుకుంది. రాష్ట్రంలోని 351 ఊళ్లలో సగానికి పైగా ఇప్పుడు ఇందులో ఉన్నాయి. తాము కట్టిన సొమ్ముతో ఏ భవనం నిలిచిందో, ఏ పొలం మిగిలిందో కళ్లారా చూస్తున్నారు కనుకే తమ మీద తామే పన్ను వేసుకున్నారు.

మనకూ ఇలాంటి పన్ను కొత్త కాదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ సొమ్ము వసూలు చేసేది పంచాయతీలు, మునిసిపాలిటీలు. ఖర్చు చేయాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థ. వసూలైనది జమ కాక బకాయిలు పేరుకుంటున్నాయని ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. పైసలకు పేరు పెట్టాం. వాటిని కాపాడే మనిషిని, లెక్క అడిగే చోటును ఇంటి పక్కన పెట్టలేదు. లేఅవుట్లలో ఉమ్మడి అవసరాలకు వదిలిన స్థలాలు అన్యాక్రాంతం కావడానికి కూడా ఇదే మూలం.

అందుకే నా మనవి ఒక్కటే. గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ అయింది, దానితో మన ఊరి గ్రంథాలయానికి ఏం వచ్చింది అన్న మూడు అంకెలు ప్రతి గ్రామసభలో, ప్రతి వార్డు సభలో ఏటా చదివి వినిపించాలి. పార్కు స్థలాల జాబితా కూడా అక్కడే చదవాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. అడిగే పౌరులు చాలు. లెక్క వినడం అలవాటైన ఊరు రేపు తన చెరువుకో, పాత బడికో, ఇల్లు లేనివాడి గూడుకో మరో రూపాయి వేసుకోవడానికి వెనకాడదు.