తొలినాటి కార్మికోద్యమము: మూడు దారులు

కార్మికులు సంఘముగా ఏర్పడవలెనని అందరును ఒప్పుకొన్నంత మాత్రమున చిక్కు తీరదు. సంఘము యజమానిని ఏ దృష్టితో చూడవలెను? తగవు వచ్చినప్పుడు దేనిని నమ్ముకొనవలెను? మన దేశమున ఉద్యమము పుట్టిన తొలి పదేండ్లలోనే ఈ ప్రశ్నలకు మూడు సమాధానములు వెలువడినవి.

మొదటిది అహమదాబాదు మార్గము. 1918లో అచ్చటి మిల్లు యజమానులు ప్లేగు బోనసును నిలుపగా, నేతపనివారు జీతముపై నూటికి 35 వంతుల పెంపు కోరిరి. యజమానులు 20కి మించి ఇయ్యమనిరి. కార్మికుల పక్షమున నిలిచిన అనసూయా సారాభాయి, యజమానుల నాయకుడు అంబాలాల్ సారాభాయికి తోడబుట్టినది. గాంధీజీ ఉపవాసము పిమ్మట తగవు మధ్యవర్తికి చేరినది. 35 వంతులే న్యాయమని ఆయన తీర్పు చెప్పెను. శ్రమకు, పెట్టుబడికి వైరము తప్పనిసరి కాదనియు, మధ్యవర్తిత్వము విఫలమైననే సమ్మె అనియు 1920లో వెలసిన మజూర్ మహాజన్ విశ్వసించినది.

అన్నిచోట్లను అట్టి సద్భావము లభింపలేదు. 1918లోనే ఏర్పడిన మద్రాసు లేబరు యూనియన్ అధ్యక్షుడు బి.పి. వాడియాపై మిల్లు యాజమాన్యము హైకోర్టులో నష్టపరిహారమునకై దావా వేసినది. చట్టపు అండ లేనిదే సంఘము నిలువజాలదని దీనివలన తేటపడినది. 1921లో ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో ఇందుకై తీర్మానము ప్రతిపాదించెను. 1926లో చట్టము వచ్చినది. ఇది రెండవ మార్గము.

మూడవది బొంబాయిది. 1928లో సుమారు లక్షన్నరమంది మిల్లు కార్మికులు ఆరు నెలలు సమ్మె చేసిరి. ఆ పోరాటమున బలపడిన గిర్నీ కామ్‌గార్ యూనియన్ నాయకులలో పెక్కురు కమ్యూనిస్టులు. ఇరుపక్షముల ప్రయోజనములు సహజముగనే విరుద్ధములనియు, పోరాడనిదే ఏదియు దక్కదనియు వారి సిద్ధాంతము.

1920లో స్థాపితమైన అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసులో మజూర్ మహాజన్ చేరనేలేదు. తక్కిన రెండు మార్గములవారును 1929లో నాగపూరు సభయందు విడిపోయిరి. జోషితోపాటు వెలుపలికి వచ్చినవారిలో మన వి.వి. గిరిగారొకరు. తరువాత కేంద్ర కార్మిక మంత్రిగా ఆయన, తగవులను న్యాయస్థానములకు అప్పగించుటకంటె ఇరుపక్షములు ఎదురెదురుగా కూర్చుండి తీర్చుకొనుటయే మేలని వాదించిరి.

ఈ మూటిలో ఏ ఒక్కటియు చాలదని మాకు తోచుచున్నది. అహమదాబాదు రాజీకి సైతము సమ్మెయు, ఉపవాసమును అవసరమైనవి. ఆ ఉపవాసము యజమానులపై ఒత్తిడి తెచ్చినదని గాంధీజీయే ఒప్పుకొనిరి. చట్టము వ్రాతలోనున్నను, దానిని అడిగి సాధించు సంఘము లేనిచో ఫలితము సున్న. ఇక సమ్మె ఎంత న్యాయమైనదైనను, ఆరు నెలలు జీతము లేని ఇంట పొయ్యి వెలుగుట కష్టము. కావున ఏ తగవునకు ఏ మార్గము తగునో నిర్ణయించు అధికారము, ఆ కష్టమును భరింపవలసిన కార్మికులకే ఉండవలెనని మా అభిప్రాయము.