సెలవుల్లో పెరిగిన బ్యాక్టీరియా

కడుపులో అల్సర్ ఎందుకు వస్తుంది? దిగులు వల్ల, కారం వల్ల అని ఒకప్పుడు డాక్టర్లే చెప్పేవారు. కడుపులో అంత ఆమ్లం ఉంటుంది కదా, అక్కడ బ్యాక్టీరియా ఎలా బతుకుతుంది? ఇదీ అప్పటి నమ్మకం.

కానీ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టుకు కడుపులో బ్యాక్టీరియా కనిపించింది. రోగుల కడుపు పొరలో, మైక్రోస్కోపు కింద, పదేపదే కనిపించింది. చాలామంది కొట్టిపారేశారు. బ్యారీ మార్షల్ అనే యువ డాక్టరు మాత్రం ఆయనతో చేయి కలిపాడు.

ఇద్దరూ ఆ బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచాలని చూశారు. ఎన్నిసార్లు చూసినా పెరగలేదు. ఎందుకని? రెండు రోజుల్లో ఏమీ కనిపించకపోతే బ్యాక్టీరియాను పెంచే ప్లేట్లను పారేయడం అక్కడి అలవాటు. 1982లో ఈస్టర్ సెలవులొచ్చాయి. ప్లేట్లు ఇంకొన్నాళ్లు అలాగే ఉండిపోయాయి. తర్వాత చూస్తే ఏముంది? బ్యాక్టీరియా పెరిగింది! దానికి కావలసింది ఇంకాస్త సమయం, అంతే.

అయినా అల్సర్‌కు ఆ బ్యాక్టీరియానే కారణమంటే లోకం నమ్మలేదు. అందుకే మార్షల్ దాన్ని తానే తాగేశాడు. కొద్దిరోజుల్లో ఆయన కడుపు పొర వాచింది. ఇవాళ చాలా అల్సర్లు యాంటీబయాటిక్స్‌తో నయమవుతున్నాయి. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఇదంతా అదృష్టమేనా? కాదు. సెలవులు అందరికీ వస్తాయి. వారెన్ ముందే గమనించబట్టే ఆ ప్లేట్లకు విలువ వచ్చింది. కాబట్టి ఒక్క మాట గుర్తుంచుకోండి. అనుకున్నది జరగకపోతే పారేయకండి. ఎందుకు జరగలేదో అడగండి.