ఎడారి దారిలో ఒక రోజు

(గల్ఫ్ నుండి తిరిగివచ్చిన ఒక డ్రైవరు జగిత్యాల ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాల విద్యార్థులతో చేసిన ప్రసంగం)



మీ తెలుగు మాస్టారు నన్ను పిలిచి, "పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. పదో తరగతితో చదువు ఆపి లారీ క్లీనరుగా చేరాను. తరువాత డ్రైవరునయ్యాను. సౌదీ అరేబియాలో పదకొండు సంవత్సరాలు బండి నడిపాను. కనుక నీతులు చెప్పను. నేను చేసిన ఒక ప్రయాణం గురించి చెబుతాను. వినండి.

మీలో ఎవరెవరి నాన్నలు, అన్నలు, మామలు గల్ఫ్ దేశాలలో ఉన్నారో చేతులెత్తండి. చూశారా, ఎన్ని చేతులు లేచాయో! 1973 తరువాత చమురు ధర బాగా పెరిగింది. ఆ డబ్బుతో అరబ్బు దేశాలు రోడ్లు, ఓడరేవులు, పట్టణాలు కట్టడం మొదలుపెట్టాయి. ఆ పనులకు మనుషులు కావలసివచ్చారు. మన కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుండి, అటు కడప, గోదావరి జిల్లాల నుండి వేలమంది వెళ్ళారు. నేనూ అలాగే 1991లో రియాద్ చేరుకొన్నాను. మరుసటి సంవత్సరం మా తమ్ముడు వచ్చాడు. మా మూడెకరాల పొలంలో బోరు ఎండిపోయింది. రెండోది వేయించాము, అదీ ఎండిపోయింది. మిగిలింది అప్పు. అందుకే వాడు వచ్చాడు.

ఇద్దరం ఒకే దేశంలో ఉన్నామన్న మాటే గాని, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. సౌదీ అరేబియా చిన్న దేశం కాదు. దాని వైశాల్యం సుమారు 21.5 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మన భారతదేశంలో దాదాపు మూడింట రెండు వంతులు. అంత దేశంలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటి కూడా లేదు. నేను రియాద్‌లో ఉన్నాను. తమ్ముడు దక్షిణాన వాదీ అద్దవాసిర్ అనే చోట ఒక గోధుమ క్షేత్రంలో పనిచేసేవాడు. మధ్య దూరం 600 కిలోమీటర్లకు పైగా. అంటే హైదరాబాదు నుండి తిరుపతి వెళ్ళి, ఇంకా ముందుకు పోవాలన్నమాట.

ఆ రోజుల్లో సెల్‌ఫోన్లు లేవు. ఉత్తరం రావడానికి పదిహేను రోజులు పట్టేది. చదువురాని మా అవ్వ క్యాసెట్‌లో మాట్లాడి పంపేది. ఊరి నుండి ఎవరైనా వస్తుంటే, పచ్చడి సీసాతో పాటు ఆ క్యాసెట్ కూడా వచ్చేది. ఆమె ప్రతి క్యాసెట్‌లోనూ ఒకే మాట అడిగేది: "తమ్ముణ్ణి చూసినవా, బిడ్డా? ఒక్క దేశంలనే ఉన్నరు గదరా, ఎంత దూరముంటది?"

నేను ప్రతిసారీ "వచ్చే నెల పోత" అని ఉత్తరం రాయించేవాణ్ణి. సెలవు దొరకదనుకొనేవాణ్ణి. పెట్రోలు ఖర్చు అనుకొనేవాణ్ణి. అలా రెండు సంవత్సరాలు గడిచిపోయాయి.

1994 జూలై నెలలో మళ్ళీ ఒక క్యాసెట్ వచ్చింది. ఒక వైపు నాకు, రెండో వైపు తమ్ముడికి. నా వైపు విన్నాను. తమ్ముడి వైపు వినకుండా దాచాను. అది వచ్చిన ఐదో రోజున మా క్యాంపు పక్కనున్న మలయాళీ దుకాణానికి ఊరి నుండి ఫోను వచ్చింది. అవ్వ చనిపోయింది. దహనం కూడా అయిపోయింది. జగిత్యాల వచ్చి ఎస్.టి.డి. బూతు నుండి మా బాబాయి ఆ మాట చెప్పి, "చిన్నోనికి నువ్వే చెప్పాలె" అన్నాడు.

ఎలా చెప్పాలి? తమ్ముడు పనిచేసే క్షేత్రానికి ఫోను లేదు. ఉత్తరం రాస్తే, వాడు ఒంటరిగా ఆ కాగితం పట్టుకొని కూర్చోవాలి. అప్పుడు నాకు 600 కిలోమీటర్లు దూరమనిపించలేదు. మా యజమాని దగ్గరకు వెళ్ళి చెప్పాను. ఆయన రెండు రోజుల సెలవిచ్చి, ఒక పికప్ బండి ఇచ్చాడు. ఒక ఊరి నుండి మరో ఊరికి వెళ్ళడానికి విదేశీయుల దగ్గర యజమాని రాసిన అనుమతి కాగితం ఉండాలి ఆ రోజుల్లో, అదీ రాసిచ్చాడు.

బుధవారం రాత్రి వరకు పనిచేసి, గురువారం తెల్లవారుజామున మూడు గంటలకు బయలుదేరాను. ఇది నేను చేసిన మొదటి తప్పు. సరిగా నిద్రపోని మనిషి బండి ఎక్కకూడదు.

సుమారు 80 కిలోమీటర్లు పోగా అల్ ఖర్జ్ వచ్చింది. అక్కడ ఖర్జూర తోటలు, పెద్ద పెద్ద పాడి క్షేత్రాలు ఉన్నాయి. తెల్లవారుతుండగా పచ్చగడ్డి వాసన తగిలితే మన ఊరు గుర్తుకు వచ్చింది. ఆ తరువాత పచ్చదనం లేదు. కుడివైపున తువైక్ అనే కొండల వరుస. అది సుమారు 800 కిలోమీటర్ల పొడుగున గోడలా సాగుతుంది. ఎడమవైపున ఇసుక, రాళ్ళు. మధ్యలో నల్లటి తారు రోడ్డు. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, స్టీరింగు ఎడమవైపున ఉంటుంది.

ఎండ ఎక్కేకొద్దీ దూరాన రోడ్డు మీద నీళ్ళు నిలిచినట్లు కనిపించసాగింది. దగ్గరికి పోతే ఏమీ లేదు. అవే ఎండమావులు. నేలను ఆనుకొన్న గాలి బాగా వేడెక్కి పలుచబడుతుంది. ఆకాశం నుండి వచ్చే వెలుగు ఆ వేడిగాలిలో వంగి మన కంటికి చేరుతుంది. మనం చూసేది నీరు కాదు, ఆకాశపు తునక.

రియాద్ నుండి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో లైలా అనే పట్టణం ఉంది. లైలా, మజ్నూల కథను అక్కడివారు ఈ ఊరితోనే ముడిపెట్టి చెబుతారు. ఆ ప్రాంతం పేరు అల్ అఫ్లాజ్. 'ఫలజ్' అంటే నీటి కాలువ. పూర్వం అక్కడ లోతైన సహజమైన చెరువులు ఉండేవి. కాలువలు తవ్వి ఆ నీటితో తోటలు పండించేవారు. యంత్రాలతో భూగర్భజలం విపరీతంగా తోడడం మొదలయ్యాక ఆ చెరువుల మట్టం దిగిపోయి, 1990లలో ఎండిపోయాయి. నేను టీ తాగిన హోటలులో సూడాన్ దేశస్థుడొకడు ఈ సంగతి చెప్పాడు. "నేను వచ్చిన కొత్తలో అందులో ఈత కొట్టాను" అన్నాడు. మా బోరుబావి గుర్తుకు వచ్చి, నేనేమీ మాట్లాడలేకపోయాను.

లైలా దాటాక సులయ్యిల్ వరకు 200 కిలోమీటర్లకు పైగా దాదాపు నిర్మానుష్యం. వంపు లేని రోడ్డు, ఒకే రంగు నేల. పిల్లలూ, తిన్నని రోడ్డు కూడా ప్రమాదమే. చేతికి, కంటికి పని ఉండదు. మెదడు మెల్లగా మూసుకుపోతుంది. నాకు తెలియకుండానే కళ్ళు వాలాయి. చక్రం ఇసుకలో దిగిన చప్పుడుకు ఉలిక్కిపడి చూస్తే, ఎదురుగా ఒంటెల మంద రోడ్డు దాటుతున్నది! బ్రేకు మీద నిలబడినంత పని చేశాను. బండి పక్కకు తిరిగి ఆగింది. ఒంటె ఎంత దూరంలో ఉన్నదంటే, దాని కనురెప్పల వెంట్రుకలు కనిపించాయి.

ఒంటె కాళ్ళు పొడుగు. బండి ఢీకొంటే కాళ్ళు విరిగి, బరువైన శరీరం అద్దం మీద, డ్రైవరు మీద పడుతుంది. ఆ దేశంలో ఇలా ఎందరో ప్రాణాలు పోగొట్టుకొన్నారు. అందుకే పెద్ద రోడ్ల పక్కన చాలా చోట్ల కంచెలు వేశారు. ఆ రోజు ఒక తమ్ముడి దగ్గరకు అవ్వ చావు కబురు తీసుకుపోతున్న నేను, అవ్వ లేని ఇంటికి ఇంకొక చావు కబురు పంపబోయాను.

అక్కడితో కష్టం తీరలేదు. ఇసుకలోకి దిగినప్పుడు రాయి తగిలిందేమో, వెనుక టైరు కాసేపటికే పగిలింది. టైరులో గాలి తగ్గితే దాని పక్కలు నలుగుతాయి. నలిగిన రబ్బరు వేడెక్కుతుంది. కింద రోడ్డు వేడి దానికి తోడవుతుంది. మిట్టమధ్యాహ్నం. జాకీ పెడితే మెత్తబడిన నేలలోకి దిగబడిపోయింది. దాని కింద పెట్టడానికి చెక్క ముక్క లేదు. ఇనుప పానా పట్టుకొంటే చేయి కాలింది. తెచ్చుకొన్న నీళ్ళు వేడి కాఫీలా ఉన్నాయి, అవీ అయిపోవచ్చాయి.

గంటసేపటికి ఒక పాత పికప్ వచ్చి ఆగింది. ముసలి బదూ ఒకడు దిగాడు. ఆ ఒంటెలు ఆయనవేనట. నా అరబ్బీ అంతంతమాత్రం. ఆయన ఏమీ అడగలేదు. ముందు నీళ్ళిచ్చాడు. తరువాత ఖర్జూరాలు ఇచ్చాడు. తన బండిలోని చెక్క పలక తెచ్చి జాకీ కింద పెట్టాడు. టైరు మార్చాక నేను బయలుదేరబోతే, తాళంచెవి తీసి తన జేబులో వేసుకొన్నాడు! "నామ్ శ్వయ్య" అన్నాడు. కొంచెం నిద్రపో అని అర్థం. తన బండి నీడలో చాప పరిచాడు. నేను పడుకొని లేచేవరకు, దాదాపు గంటన్నర, పక్కనే కూర్చొన్నాడు. లేచాక తాళంచెవి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన పేరు కూడా నేను అడగలేదు. ఈ రోజు మీ ముందు నిలబడ్డానంటే ఆ గంటన్నర నిద్రే కారణం.

సులయ్యిల్ దగ్గర కొండల మధ్య సందులోంచి రోడ్డు పడమటికి తిరుగుతుంది. అది దాటితే వాదీ అద్దవాసిర్. 'వాదీ' అంటే వాన పడినప్పుడే పారే వాగు. అక్కడ ఎడారి మధ్యలో గుండ్రటి పొలాలు కనిపించాయి. నేల లోపలి నుండి నీరు తోడి, చక్రాల మీద గుండ్రంగా తిరిగే పొడవాటి గొట్టంతో చల్లుతారు. ఆ నీరు వేల సంవత్సరాల క్రితం, అక్కడ వానలు బాగా పడిన కాలంలో ఇంకిన నీరు. ఇప్పటి వానలు దానిని నింపలేవు. అలాంటి నీటితోనే 1992లో ఆ దేశం 40 లక్షల టన్నుల వరకు గోధుమలు పండించింది. నీరు తరిగిపోతున్నదని తెలిసి, 2008లో ప్రభుత్వం ఆ సాగును తగ్గించాలని నిర్ణయించింది. 2016 నాటికి దేశంలో పండిన గోధుమల కొనుగోలు ఆపింది.

నేను క్షేత్రం చేరేసరికి సూర్యుడు దిగుతున్నాడు. తమ్ముడు గొట్టం దగ్గర పైపు బిగిస్తున్నాడు. నన్ను చూసి మొదట పోల్చుకోలేదు. తరువాత పానా కింద పడేసి పరుగెత్తుకొని వచ్చాడు. నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు.

"అన్నా, రెండేండ్లల్ల రానోనివి, ఇయ్యాల ఎందుకొచ్చినవ్?" అన్నాడు. నేను దారి పొడుగునా కూడబలుక్కొన్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "అవ్వనా?" అని వాడే అడిగాడు. నేను తల ఊపాను.

ఆ రాత్రి ఇద్దరం బండిలో కూర్చొని క్యాసెట్ రెండో వైపు విన్నాము. అందులో పెద్ద మాటలేమీ లేవు. వేళకు తినుమని, ఎండలో తలకు గుడ్డ కట్టుకొమ్మని, గేదె ఈనిందని చెప్పింది. చివర, "అన్న వస్తడు, వానితోటి కొట్లాడకు" అన్నది. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత గొట్టం వైపు చూపి, "రాత్రింబగళ్ళు తోడుతనే ఉన్నరన్నా. మనది ఎండిపోలే? ఇది మాత్రం ఎండదా?" అన్నాడు.

తమ్ముడు 1996లో తిరిగివచ్చాడు. బోరు మీద ఆశ వదిలి, ముందు పొలం గట్లు ఎత్తి, వాన నీరు ఇంకడానికి గుంట తవ్వించాడు. వరి మాని, తక్కువ నీటితో పండే మక్కలు వేశాడు. ఇప్పుడూ వ్యవసాయమే చేస్తున్నాడు.

పిల్లలూ! ఇప్పుడు మీ నాన్నలతో ఫోనులో ముఖం చూసుకొంటూ మాట్లాడుకోవచ్చు. చాలా మంచిది. వారితో మాట్లాడేటప్పుడు ఏమి తెస్తావని ఒక్కటే అడగకండి. నిద్రపోయావా, నీళ్ళు తాగావా, ఎండలో పనిచేశావా అని అడగండి. దూరాన ఉన్నవాడికి ఆ మాటలే బలం. బండి నడిపేవాళ్ళు ఇంట్లో ఉంటే, నిద్ర వస్తే ఆగుమని చెప్పండి. ఒక గంట ఆలస్యమైతే నష్టం లేదు.

ఇంకొక మాట. చూడవలసిన మనుషులను చూడడానికి వచ్చే నెల అనకండి. నేను ఆ దారిలో వెళ్ళడానికి రెండేళ్ళు ఆలస్యం చేశాను. వెళితే పట్టింది ఒక్క రోజు. అవ్వ బతికి ఉండగా వెళ్ళి ఉంటే, "చూసినవా, బిడ్డా?" అన్న ఆమె ప్రశ్నకు జవాబు చెప్పగలిగేవాణ్ణి.