గడ్డలోని పులుపు - వంటసోడా వైద్యం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



క్యాన్సర్ రోగుల్ని పరామర్శించటానికి ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఒక మాట తరచు మా చెవిని పడుతున్నది. "క్యాన్సర్ గడ్డ పులుపులోనే పెరుగుతుందట కదా! వంటసోడా నీళ్ళు తాగిస్తే పులుపు విరిగి గడ్డ కరిగిపోతుందట!" ఈ మాట నమ్మి ఆస్పత్రికి పోవలసిన తేదీని దాటవేసేవారూ ఉన్నారు. కనుక ఇందులో నిజమెంతో, కానిదెంతో నాలుగు మాటల్లో మనవి చేస్తాము.

గడ్డ చుట్టూ ఆమ్లం ఉండటం నిజమే. క్యాన్సర్ కణాలు చక్కెరను విపరీతంగా వాడుకొని, ప్రాణవాయువు అందుతున్నా సరే, లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయని 1920లలో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆటో వార్‌బర్గ్ కనుగొన్నారు. పెరుగుకు పులుపు ఇచ్చేదీ ఆ ఆమ్లమే. గడ్డలో రక్తనాళాలు సవ్యంగా ఉండవు గనుక అది త్వరగా కొట్టుకుపోదు. మన రక్తం పి.హెచ్. 7.35 నుంచి 7.45 వరకు ఉంటుంది. చాలా గడ్డల్లో కణాల చుట్టూ అది 6.5 - 6.9కి దిగుతుంది. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువన్నమాట. ఈ ఆమ్లం పక్కనున్న మంచి కణాల్ని దెబ్బతీసి, గడ్డ పాకటానికి దారి ఇస్తుంది. డాక్సోరూబిసిన్ వంటి కొన్ని మందుల్ని కణాల్లోకి సరిగా పోనివ్వదు.

అయితే పొరపాటు ఎక్కడంటే, ఆ పులుపు మనం తిన్న చింతపండుతో వచ్చింది కాదు. గడ్డే చేసుకున్నది. వంటసోడా విరిచేది కడుపులోని పులుపును. రక్తంలో చేరినదాన్ని ఊపిరితిత్తులు, మూత్రపిండాలు సరిచేసి మళ్ళీ పాత అంకెకే తెస్తాయి. 2009లో అచ్చయిన ఒక పరిశోధనలో, సోడా నీళ్ళు తాగిన ఎలుకల్లో క్యాన్సర్ ఇతర భాగాలకు పాకటం తగ్గింది గాని, మొదటి గడ్డ తగ్గలేదు. మనుషుల్లో సోడాతో క్యాన్సర్ నయమైనట్టు రుజువు లేదు. పైగా మోతాదు మించితే ఒంట్లో లవణాల పాళ్ళు చెడి, గుండె లయ తప్పవచ్చు. బి.పి., కిడ్నీ జబ్బు ఉన్నవారికి మరీ ప్రమాదం.

కాబట్టి మా విన్నపం ఒక్కటే. దువా చేద్దాం, దవా మాత్రం మానవద్దు. కీమో తేదీని, కరెంటు పెట్టే తేదీని తప్పనివ్వకండి. ఎవరేం తాగించమన్నా ముందు డాక్టరుగారిని అడగండి. ఇంటికొచ్చి చిట్కా చెప్పే చుట్టంకన్నా, ఆస్పత్రికి తోడు వెళ్ళే చుట్టం మేలు.

ఖుదా హాఫిజ్.