ఊరి పేరు - ఊరివారి హక్కు

(రైల్వే, తపాలా ఉద్యోగుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ దేశంలో ఏ ఊరి పేరు మారవలసి వచ్చినా ఆ ఫైలు మన రెండు శాఖల బల్లలమీదికి రాక తప్పదు. రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదన పంపుతుంది. కేంద్ర హోం మంత్రిత్వశాఖ రైల్వేలను, తపాలా శాఖను, సర్వే ఆఫ్ ఇండియాను సంప్రదించి, వారికి అభ్యంతరం లేదని తెలిసిన పిమ్మట సమ్మతి తెలుపుతుంది. ఇందుకు ఆధారమైన మార్గదర్శక సూత్రాలు 1953 సెప్టెంబరులో వెలువడినవి. చరిత్రతో ముడిపడిన పేర్లను సాధ్యమైనంతవరకు మార్చరాదనీ, కేవలం స్థానికాభిమానమో భాషాభిమానమో అందుకు చాలిన కారణం కాదనీ, కొత్త పేరువలన గందరగోళం కలుగరాదనీ వాటి సారాంశం. స్టేషను బోర్డు రాసేవారు, టికెట్టు ఇచ్చేవారు, తేదీముద్ర వేసేవారు, ఉత్తరం చేరవేసేవారు మనమే. అందుచేత పేర్ల తగాదా మనకు సంబంధించిన విషయం కాదని ఎవరూ అనలేరు.

ఆ సూత్రాలు వెలువడిన 1953వ సంవత్సరాన్నే ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకుందాం. తిరుచిరాపల్లి జిల్లాలో కళ్ళక్కుడి అనే ఊరు ఉన్నది. అక్కడ డాల్మియా వారి సిమెంటు కర్మాగారం వెలసిన తరువాత రైల్వే స్టేషనుకు డాల్మియాపురం అని పేరు పెట్టినారు. ఊరు ఊరుగానే ఉన్నది. బోర్డుమీద మాత్రం యజమాని పేరు నిలిచినది. 1953 జూలైలో ద్రావిడ మున్నేట్ర కళగం ఆ పేరు తొలగించాలని ఆందోళన చేసినది. కార్యకర్తలు బోర్డుమీద కళ్ళక్కుడి అన్న కాగితం అంటించి, పట్టాలమీద పడుకొన్నారు. వారికి నాయకత్వం వహించిన కరుణానిధి జైలుకు వెళ్ళినారు. పోలీసు కాల్పులలో ఇద్దరు ప్రాణాలు కోల్పోయినారు. ఆ పార్టీ అధికారంలోకి వచ్చిన తరువాతనే స్టేషనుకు కళ్ళక్కుడి పేరు తిరిగి దక్కినది.

ఆ ఆందోళనలో భాషోద్యమం ఉన్నది, ఎన్నికల రాజకీయమూ ఉన్నది. వాటితో ఏకీభవించినా ఏకీభవించకపోయినా ఒక సంగతి ఒప్పుకోవలసి ఉంటుంది. వందల ఏండ్లుగా జనం పిలుచుకొంటున్న పేరును ఒక పెట్టుబడిదారు పేరు తొలగించినది. దానిని తిరిగి కోరడంలో న్యాయం ఉన్నది.

అదే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నగరం లేకుండానే ఏర్పడినది. మద్రాసు మనదే అన్న నినాదం ఆనాటి పెద్దలందరికీ తెలిసినదే. 1996లో ఆ నగరానికి చెన్నై అన్న పేరు అధికారికమైనది. తమిళుల ఆత్మగౌరవానికి చిహ్నంగా దానిని స్వీకరించినారు. అయితే చెన్నపట్నం అన్న పేరు దామర్ల చెన్నప్ప నాయకుని పేరుమీద వచ్చినదని చరిత్రకారులలో పెక్కుమంది అభిప్రాయం. 1639లో ఆంగ్ల కంపెనీకి ఆ తీరస్థలం ఇచ్చిన దామర్ల వెంకటాద్రి నాయకుని తండ్రి ఆయన, తెలుగు నాయకుడు. ఒక తెలుగు నాయకుని పేరు తమిళుల స్వాభిమాన చిహ్నమైనది. తెలుగువారూ ఆ నగరాన్ని తరతరాలుగా చెన్నపట్నమనే పిలిచినారు. దీనినిబట్టి, పేరు ఎవరు పెట్టినారన్నది తేల్చినంతమాత్రాన అది ఎవరిదో తేలదని గ్రహించవచ్చును. వాడుకొన్నవారిదే పేరు.

బెళగావి విషయం ఇంతకన్న చిక్కైనది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో ఆ జిల్లా నాటి మైసూరు రాష్ట్రంలో చేరినది. మరాఠీ ప్రజలు అధికంగా ఉన్న ప్రాంతాలు తమవని మహారాష్ట్ర పట్టుబట్టినది. 1966లో నియమించిన మహాజన్ కమిషన్ 1967లో నివేదిక ఇచ్చి, బెళగావి పట్టణం మైసూరులోనే ఉండాలన్నది. మహారాష్ట్ర అంగీకరించలేదు, 2004లో సుప్రీంకోర్టుకు వెళ్ళినది. 2014 నవంబరు 1న కర్ణాటక పన్నెండు నగరాల పేర్లను కన్నడ ఉచ్చారణకు అనుగుణంగా మార్చినప్పుడు బెల్గాం బెళగావి అయినది. కన్నడిగునికి అది తన నోటిమాట. మరాఠీ పౌరునికి అది తన దావా మీద వేసిన ముద్ర. అక్కడి స్టేషనులోను, తపాలా కార్యాలయంలోను ఈ రెండు భాషలవారూ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చొని పనిచేస్తారు. బోర్డుమీది అక్షరం వారి నడుమ గోడగా లేచిననాడు నష్టపోయేది యూనియన్; లాభపడేది యూనియన్ బలహీనతను కోరేవారు.

ఇక ఉత్తర భారతానికి వద్దాం. 2018లో మొగల్‌సరాయ్ జంక్షను పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షను అయినది. 1968 ఫిబ్రవరిలో ఆ స్టేషను దగ్గరనే ఆయన మరణించినారు. ఆయనను గౌరవించాలన్న కోరిక ఆయన అనుయాయులకు సహజం. కాని మొగల్‌సరాయ్ అన్న పేరు మన రైల్వే కార్మికుల శ్రమచరిత్రలో భాగం. గూడ్సు యార్డులలో తరాలు గడిపినవారి నోట ఆ పేరే ఉన్నది. 1952 నుండి 1956 వరకు రైల్వే మంత్రిగా పనిచేసిన లాల్ బహదూర్ శాస్త్రి జన్మస్థలమూ అదే. ఒక నాయకుని గౌరవించడానికి మరొక జ్ఞాపకాన్ని తుడిచివేయవలసిన అవసరం ఏమున్నది?

అదే ఏడు అలహాబాదు ప్రయాగ్‌రాజ్ అయినది. 2020లో అక్కడి స్టేషన్ల పేర్లు కూడ మారినవి. ఇక్కడ మీలో ఒకరు అడుగవచ్చును: కళ్ళక్కుడికి న్యాయమైనది ప్రయాగకు ఎందుకు కాదు? ప్రయాగ అన్నది ప్రాచీన నామం కాదా? ఇది దాటవేయదగిన ప్రశ్న కాదు. ప్రయాగ ప్రాచీన నామమే. అయితే ఆ పేరును ఎవరూ చెరిపివేయలేదు. తీర్థయాత్రికుల నోట, పంచాంగాలలో, చివరకు రైల్వే పట్టికలో సైతం అది బ్రతికే ఉన్నది. అదే నగరంలో ప్రయాగ్ అన్న స్టేషను ముందునుంచీ ఉన్నది. అక్బరు పెట్టిన పేరూ, అంతకు ముందటి పేరూ నాలుగు శతాబ్దాలు ఒకే నదీతీరంలో కలిసి నడిచినవి. కళ్ళక్కుడిలో తొలగించిన పేరును తిరిగి తెచ్చినారు. ఇక్కడ కలిసి బ్రతుకుతున్న రెండింటిలో ఒకదానిని తొలగించినారు. హైకోర్టు, విశ్వవిద్యాలయం ఇంకా అలహాబాదు పేరుతోనే నడుస్తుండటం ఆ సహజీవనానికి మిగిలిన గుర్తు.

ఈ పోకడ మన దేశానికే పరిమితం కాదు. పాకిస్తాన్‌లోని లయాల్‌పూర్‌కు ఒక ఆంగ్ల పాలకుని పేరు ఉండేది. 1977లో దానిని తీసివేసి ఫైసలాబాద్ అన్నారు. సౌదీ రాజు పేరది. పరాయి దొర పేరు పోయి పరాయి రాజు పేరు వచ్చినది. శ్రీలంకలో మణల్ ఆరు అన్న తమిళ ప్రాంతం 1980 దశకంలో వెలి ఓయ అయినది. రెండు మాటలకూ అర్థం ఇసుక యేరే. తమిళ కుటుంబాలను అక్కడినుండి ఖాళీ చేయించి సింహళ కుటుంబాలకు నివాసం కల్పించినారు. మనుషులను తరలించిన తరువాత పేరును అనువదించడం ఎంత సులభమో చూడండి! పేరు మారిన ప్రతిచోట ముందుగా మనుషుల గతి ఏమైనదని విచారించాలనడానికి ఇంతకన్న దృష్టాంతం అక్కరలేదు.

ఇక మన పనిలోకి వద్దాం. 1972 ఆగస్టు 15న మన తపాలా శాఖ పిన్‌కోడ్‌ను ప్రవేశపెట్టినది. ఒకే పేరుగల ఊళ్ళు, పలు భాషల లిపులు, తప్పుడు చిరునామాలు కలిగించే చిక్కులకు శ్రీరాం భికాజీ వేలంకర్ ఆలోచించిన పరిష్కారమది. ఆరు అంకెలకు మతం లేదు, భాష లేదు. ఊరి పేరు మారినా ఉత్తరం దారి తప్పదు. రైల్వేలోను ఇటువంటి వివేకం ఒకప్పుడు ఉండేది. బెజవాడ విజయవాడగా స్థిరపడినా స్టేషను కోడు బి.జెడ్.ఏ. గానే ఉన్నది. కాన్పూరుకు సి.ఎన్.బి., చెన్నై సెంట్రలుకు ఎం.ఏ.ఎస్. అలాగే నిలిచినవి. మొగల్‌సరాయ్, అలహాబాదుల విషయంలో మాత్రం కోడులు సైతం మారినవి. ప్రయాగ్, ప్రయాగ్‌రాజ్ జంక్షను, ప్రయాగ్‌రాజ్ రామ్‌బాగ్, ప్రయాగ్‌రాజ్ సంగమ్, ప్రయాగ్‌రాజ్ ఛివ్‌కీ అంటూ ఒకే నగరం చుట్టూ ఇన్ని స్టేషన్లుంటే, చదువురాని ప్రయాణికుడు ఏ టికెట్టు అడగాలి? కిటికీ ఇవతల కూర్చున్న బుకింగ్ క్లర్కు అతనికి ఏమని చెప్పాలి? గందరగోళం కలుగరాదన్న 1953 నాటి సూత్రం ఇక్కడ ఏమైనది?

పేర్ల మార్పుకై ప్రత్యేక కమిషన్ వేయాలని వచ్చిన పిటిషన్‌ను 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టివేసినది. దేశం గతానికి బందీ కారాదన్నది ఆ ధర్మాసనం మాటల సారం. కాని న్యాయస్థానం తలుపు మూసినంతమాత్రాన ప్రభుత్వాల ఆత్రం తగ్గదు. అందుచేత సంఘాలుగా మనం కొన్ని విషయాలు స్పష్టంగా కోరవలసి ఉన్నది. పేరు మార్చదలచినప్పుడు ఊరివారి అభ్యంతరాలను బహిరంగంగా వినాలి. మన శాఖల అభిప్రాయం పై కార్యాలయంలో సంతకంతో ముగియక, కిటికీ దగ్గర, సార్టింగు బల్ల దగ్గర పనిచేసే ఉద్యోగుల అనుభవాన్ని అందులో చేర్చాలి. కొత్త పేరు పక్కన పాత పేరును కొన్ని సంవత్సరాలైనా కాలపట్టికలలో చూపాలి. అవసరం లేనిచోట కోడులను కదిలించరాదు.

మనవైపునుండి కూడ ఒక నియమం ఉండాలి. ఉత్తరం మీద పాత పేరు రాసినా కొత్త పేరు రాసినా అది చేరవలసినచోటికి చేరాలి. ప్రయాణికుడు తన తాతలనాటి పేరుతో టికెట్టు అడిగితే అతనిని సరిదిద్ది అవమానించే అధికారం మనకు లేదు. ఏ పేరు పలికినాడో దానినిబట్టి అతని కులమతాలను, దేశభక్తిని అంచనా వేయడం అంతకన్న పెద్ద నేరం. సమ్మెలో భుజం భుజం కలిపి నిలిచినవారం, బోర్డు దగ్గర విడిపోరాదు. మీ శాఖ పరిధిలో ఇటువంటి తగాదా తలయెత్తిననాడు, రెండువైపుల సభ్యులను ఒకే సమావేశంలో కూర్చోబెట్టి, ఒకరి మాట మరొకరికి వినిపించండి. ఆ పని యూనియన్ చేయకపోతే ఇంకెవరో చేస్తారు; వారు చేసే పద్ధతి వేరుగా ఉంటుంది.

 ఇక చర్చ ప్రారంభించవలసినదిగా అధ్యక్షులను కోరుతున్నాను.