గబ్బిలాన్ని తరిమే ముందు

గబ్బిలం ఇంట్లో దూరితే అరిష్టమని మనం చీపురు పుచ్చుకుంటాం. అమెరికాలో దాన్ని బతికించడానికే ప్రభుత్వం లక్షల డాలర్లు ఖర్చుపెట్టింది. ఎందుకంటారా? 2006లో న్యూయార్క్ రాష్ట్రపు గుహలో తెల్లబూజు తెగులు కనబడింది. శీతకాలమంతా నిద్రపోయే గబ్బిలాలకి ఆ బూజు పట్టి నిద్ర చెడగొడుతుంది. దాచుకున్న కొవ్వు కరిగిపోయి, తినడానికి పురుగు దొరక్క చచ్చిపోతాయి. లక్షల్లో పోయాయి. పైరు తినే పురుగుల్ని మింగే నేస్తం పోతే రైతుకే కదా నష్టం!

ఆ బూజు 20 డిగ్రీల వేడి దాటితే పెరగదు. కనుక మన కోటబొమ్మాళి వైపు ఆ భయం లేదు, విరాళాలూ అక్కర్లేదు. 1972 చట్టం పండ్లు తినే గబ్బిలాల్ని హానికర జంతువుల పట్టికలో చేర్చింది. 2022 సవరణతో ఆ పట్టికే పోయింది. ఇక మన వంతు: అవి వేలాడే చెట్టు కొట్టించకండి, దాని కింద టపాకాయలు కాల్పించకండి. వాటిని ముట్టుకోవద్దనీ, కొరికిన పండు తినొద్దనీ పిల్లలకి చెప్పండి. ఇందులో పైసా ఖర్చు లేదు.