తండ్రి కాబోయే సాంచా కార్మికులకు



షోలాపూర్‌లో మన ఇండ్లల్లో కాన్పంటే ఆడవాళ్ల పని, మగవాళ్లం వాకిట్లో కూర్చుంటాం. నేనూ కూర్చున్నాను. మా పెద్దదానికి ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించారు. వద్దనలేదు, నాకు తెలిస్తే గదా!

పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టించాలి. ఆరు నెలలు తల్లిపాలే, మంచినీళ్లూ వద్దు. బొడ్డుకు పసుపు, నూనె రాయకండి. దూది నుసి బట్టలతో బిడ్డనెత్తుకోకండి. స్నానం చేసి, చొక్కా విప్పి ఛాతీకి ఆనించుకోండి, ఆ వెచ్చదనం తండ్రీ ఇవ్వగలడు. పాలు మానినా, ఒళ్లు చల్లబడినా, డొక్కలెగరేసినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తండి.

2017 నుంచి మొదటి రెండు కాన్పులకు తల్లికి 26 వారాల జీతపు సెలవు చట్టంలో ఉంది. ప్రైవేటు మిల్లులో తండ్రికి చట్టం ఒక్కరోజూ ఇవ్వలేదు. దీన్ని ఈసారి డిమాండ్లలో చేర్చమని కమిటీని అడుగుతున్నాను.